కోసిన కట్టు

"అడుగుతాండేది నిన్నే. ఎవురు కోసినారు దీన్ని?"

వసారా గచ్చు మీద కట్టు పడి ఉంది. పైనుంచి కిందికి నిలువునా కోసిన కట్టు. గుడ్డ పొరలు ఒక పక్కకు, వెదురు దబ్బలు ఇంకో పక్కకు విడిపోయాయి. లోపల ఎండిన మినపపిండి పెచ్చులుగా రాలుతోంది. నిన్న పొద్దున వరకు అది భువన ఎడమ మోకాలికి ఉండేది. కడపలో దాన్ని కోసుకుని, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. అప్పుడు తండ్రి ఊళ్లో లేడు. ఇప్పుడు ఆయన పళ్లు తోముకుని వచ్చేసరికి తీసి ఆయన ముందు పెట్టింది. దాచాలనుకున్నదైతే కడపలోనే ఏ చెత్తకుండీలోనో పారేసి వచ్చేది. దాచడం ఆ పిల్లకు పుట్టుకతోనే రాలేదు.

"నేనే కోసినా నాయనా."

"ఆ కడప డాక్టరమ్మ కోసిందా అని అడుగుతాండా."

"ఆయమ్మ కొయ్యలేదు. కత్తెర ఇమ్మని నేనే అడిగినా. కోసింది నేనే."

ఓబుళేశు మొహం తుడుచుకున్న తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. తీశాడు. మళ్లీ వేసుకున్నాడు. కోపం వస్తే ఆయన చేతులు ఊరికే ఉండవు.

మంచం మీద కూర్చున్న జేజి, ఓబుళేశు తల్లి సుబ్బలక్ష్మమ్మ, నెత్తి కొట్టుకుంది. "కట్టిన చెయ్యే ఇప్పాల గదే! మీ తాత నాటి నుంచి ఈ ఇంట్లో ఇంగో చెయ్యి కట్టు మీద పడిందా? నీకేం పొయ్యేకాలమే!"

ఆ ఇంట్లో ఉన్న చట్టం అదొక్కటే. కట్టిన చెయ్యే విప్పాలి. ఇంకొకరు తాకితే లోపల ఎముక అలుగుతుందని వాళ్ల నమ్మకం. ఎముక సంగతేమో గానీ, ఓబుళేశు మాత్రం బాగా అలిగాడు.

అలగడానికి ఆయనకు హక్కు కూడా ఉంది. కట్టు ఓబుళేశు అంటే మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. చెట్టు మీద నుంచి పడ్డవాళ్లు, బైకు మీద నుంచి పడ్డవాళ్లు, ఎద్దు కుమ్మినవాళ్లు ఆదివారం పొద్దున్నే ఆ గడప ముందు కూర్చుంటారు. ఆయన చెయ్యి మంచిది. విరిగిన మణికట్టును సరిచేసి కట్టాడంటే వంకర లేకుండా అతుక్కుంటుంది. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చిన మనిషి ఎవరైనా వస్తే, "ఇది నా చేత కాదప్పా, బిరీన ఆస్పత్రికి పోండి" అని తనే ఆటో పిలిచి ఎక్కిస్తాడు. తెలిసి తెలిసి అబద్ధపు కట్టు కట్టిన మనిషి కాదు.

కూతురి మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొరబడ్డాడు. రాజంపేట కబడ్డీ పోటీల్లో భువన కూతకు పోయి, అవతలి జట్టుకు దొరక్కుండా గిరుక్కున వెనక్కి తిరగబోయింది. పాదం మట్టిలో పాతుకుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలి లోపల టప్పుమంది. కాసేపటికే సొరకాయంత వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎముకకు ఏమీ కాలేదు, ఒట్టి బెణుకేనని ఓబుళేశు సంబరపడి, పిల్లను ఇంటికి తెచ్చి కట్టేశాడు. మండలం, అంటే నలభై రోజులు, దాటినా విప్పడం, మళ్లీ కట్టడం మానలేదు.

"నాకొకటి చెప్పు," అన్నాడు ఇప్పుడు. "నీకు ఎముక ఇరిగిందా?"

"లేదు."

"కీలు తొలిగిందా?"

"లేదు."

"మరింగేంది? బెణుకే గదా! బెణికితే కట్టు కట్టక బొట్టు పెడతారా?"

"బెణుకుల్లోనూ రకాలుండాయి నాయనా. సాగితే ఒక రకం, సగం తెగితే ఒక రకం. నాది పూరాగా తెగింది. లిగమెంటు."

"అంటే నరం."

"నరం కాదు."

"నరం గాకుంటే నులకతాడా?"

జేజి కిసుక్కున నవ్వి, ఇది నవ్వే సమయం కాదని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఓబుళేశు తప్పేమీ లేదు. ఆ సీమలో ఎముక కానిదంతా నరమే. నెత్తురు పారేదీ నరమే, చురుక్కుమనేదీ నరమే, కండను ఎముకకు పట్టి ఉంచేదీ నరమే. పొద్దున్నే మెడ తిరక్కపోతే నరం మీద నరం ఎక్కిందంటారు, ఎక్కిన నరాన్ని దించడానికి ఈయన దగ్గరికే వస్తారు. అటువంటి మనిషికి పందొమ్మిదేళ్ల కూతురు నరం వేరు, లిగమెంటు వేరు అని చెబితే ఒంటికి కారం రాసినట్టు ఉండదా మరి!

భువన గోడ పట్టుకుని నిలబడే చెప్పింది. "ఎద్దుల బండిలో నొగకూ కాడికీ తాడుతో కడతారు గదా. ఆ తాడు తెగిందనుకో. కాడి ఇరగలేదు, నొగ ఇరగలేదు. బండి మాత్రం పోదు. నా తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడిమధ్యన అట్లాంటి తాడు ఉండాది. అది తెగింది. ఎక్స్‌రేలో కొయ్య కనపడతాది గానీ తాడు కనపడదు. దానికి ఎం.ఆర్.ఐ. తియ్యాలంట. తీసి, ఆపరేషన్ చెయ్యాల్నా వద్దా అనేది పెద్ద డాక్టరు చెప్తాడంట."

"అంతా ఆ డాక్టరమ్మ జ్ఞానమణి చెప్పిందా?"

"ఆయమ్మే. జిల్లా జట్టును చూసుకునేది ఆయమ్మే గదా. ఎన్ని మోకాళ్లు చూసుంటాది!"

"నేను చూల్లేదా మోకాళ్లు?"

  భువన ప్యాంటు కాళ్లు రెండూ తొడల దాకా పైకి లాగింది. కుడి తొడ ఆటగత్తె తొడలాగే ఉంది. ఎడమ తొడ పక్కింటి పిల్లది తెచ్చి అతికించినట్టుంది. కండ కరిగిపోయింది. మోకాలు పూర్తిగా వంగదు, పూర్తిగా చాపుకోదు.

రోటి దగ్గర కృష్ణవేణమ్మ మినుములు రుబ్బుతోంది. ఆదివారం వచ్చేవాళ్లందరికీ ఆమె చేతి పిండే కావాలి, గుడ్డు సొనా ఆకు పసరూ ఎంతెంత పడాలో ఆమెకే తెలుసు. కూతురి తొడ చూసింది. ఈ బిడ్డకు రోజూ రాగిసంగటి ముద్దలు చేసి పెట్టింది తనే. ఆ తిండంతా ఎక్కడికి పోయింది? చూపు రోటి మీదికి తిప్పుకుంది.

"కట్టులో ఉంటే కండ తగ్గుతాది," అన్నాడు ఓబుళేశు. "తైలం రుద్దితే మళ్లా వస్తాది."

"కండ వస్తాది. తెగిన తాడు తైలానికి రాదు నాయనా. నేను మళ్లా కూతకు పోవాల. అడుగు పెట్టి మళ్లుకున్నప్పుడల్లా మోకాలు జారిపోతాంటే ఎట్ల పోయేది? జారిన ప్రతిసారీ ఎముకల నడిమధ్యన ఉండే మెత్త గూడా నలిగి చీలిపోతాదంట."

"కూతా లేదు, గీతా లేదు! ఆటకు పోయి కాలు పోగొట్టుకున్యావు. ఇంగ చాలు."

"కాలు పోయింది ఆట వల్ల. పోయిన కాలు రాకుండా పోతాండేది కట్టు వల్ల."

అనేసింది. అన్నాక నోరు మూసుకుని ఉంటే సరిపోయేది గానీ, "ఔను, అదే నేను చెప్పేది," అని ఇంకో ముద్ర కూడా వేసింది.

 ఓబుళేశు గొంతు తగ్గించాడు. "ఈ పొద్దు ఆదివారం పాపా. జనం వచ్చే యాళ అయింది. నా బిడ్డే నా కట్టు కోసుకొని ఆస్పత్రికి పోయిందని తెలిస్తే రేపు నా ముందర ఎవురు చెయ్యి చాపుతారు? మా నాయన కట్టినాడు, వాళ్ల నాయన కట్టినాడు. నా కాడికొచ్చి ఈ ఇంటి పేరు ఆగిపోవాల్నా? కూర్చో. మళ్లా కడతా."

"కూర్చోను."

"కూర్చోమంటాండానా!"

"కట్టేదానికైతే కూర్చోను."

వంగని మోకాలితో నిలబడడానికే ఆ పిల్ల సగం బలం అయిపోతోంది. అయినా గోడ వదిలేసి మరీ నిలబడింది.

* * *

మొదట వచ్చినవాడు బొజ్జన్న. గొర్రెల వెంట గుట్ట దిగుతూ జారిపడ్డాడట. వాచిన మణికట్టును ఇంకో చేత్తో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని లోపలికి వస్తూనే, వసారాలో పడి ఉన్న కట్టు చూశాడు.

"ఏమప్పా ఓబుళేశూ, ఎవురిది ఈ కట్టు? ఇట్ల చీలిపోయిందే?"

జేజి చటుక్కున కాలితో దాన్ని మంచం కిందికి తోసింది. "ఎలకలు కొరికినాయి లేప్పా. ఈ ఏడు ఎలకలు శానా ఉండాయి."

"ఎలకలు కాదు తాతా," అంది భువన. "నేనే కోసినా. నా మోకాలిది."

బొజ్జన్న వెనకే ఇంకో నలుగురైదుగురు అప్పుడే చెప్పులు విప్పి వసారా ఎక్కుతున్నారు. అందరూ విన్నారు. ఒకామె తన మొగుడి మొహంలోకి చూసింది, ఆయన తన వాచిన చీలమండ వైపు చూసుకున్నాడు. ఎవరూ కూర్చోలేదు. ఓబుళేశుకు నెత్తురంతా మొహానికి ఎక్కింది.

అయినా నవ్వాడు. జనం ముందు ఆయన గొంతే వేరు. "చిన్నపిల్ల గదా, దురదకు తట్టుకోలేక కోసుకునింది. రా పాపా, కూర్చో. ఒక్క చిటికెలో కట్టేస్తా."

భువనకు ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది. నాయన అంటే ప్రాణమే ఆ పిల్లకు. అందుకే మరీ మండింది.

"కూర్చుంటా నాయనా. కట్టేముందర నీ చేతుల్తో ఒకటి చూడు. చూసి, నీకు ఏం తెలిసిందో ఈళ్లందరి ముందర చెప్పు. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఏంది చూసేది?"

"నిన్న ఆయమ్మ నాకు చేసి చూపిచ్చింది. మందు గాదు, మిషను గాదు. ఒట్టి చేతులే."

చేతులతో చూడమంటే ఓబుళేశు వద్దనలేడు. ఆయన గొప్పంతా ఆ చేతుల్లోనే ఉంది. కళ్లు మూసుకుని తడిమి విరిగిన చోటు చెప్పగలడని పేరు. జనం కూడా ముందుకు జరిగారు. బొజ్జన్న తన నొప్పి మరిచిపోయి కట్లు కట్టే బల్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు.

భువన బల్ల మీద వెల్లకిలా పడుకుని మోకాలు కొంచెం వంచింది. "ముందు కుడిది చూడు. ఎడమ చేత్తో తొడ గట్టిగా పట్టుకో. కుడి చేత్తో మోకాలి కింద పట్టుకో. ఇంగ కాలును నీ పక్కకు లాగు. మెల్లిగా."

లాగాడు. కొద్దిగా కదిలి, టక్కుమని ఆగింది. గుంజకు కట్టిన దూడ తాడు చివరికి వచ్చి ఆగినట్టు ఆగింది.

"ఆగింది గదా? ఇప్పుడు ఎడమది."

ఓబుళేశు చేతులు మార్చాడు. తొడ పట్టుకున్నాడు, కింద పట్టుకున్నాడు, లాగాడు.

ఆగలేదు. కాలి ఎముక మెత్తగా, అడ్డమనేదే లేకుండా ముందుకు జారి వచ్చింది.

మళ్లీ లాగాడు. మళ్లీ కుడి మోకాలికి పోయాడు. అది టక్కుమంది. ఎడమది పట్టుకున్నాడు. జారింది. ఆయన బొటనవేళ్లు అలాగే మోకాలి మీద ఉండిపోయాయి. భువన తలెత్తి తండ్రి మొహం చూసింది. ఎందరి చేతులో కాళ్లో పట్టుకుని "దొరికింది" అన్నప్పుడు వచ్చే మొహమే అది. ఈసారి మాట మాత్రం బయటికి రాలేదు.

"ఎట్లుండాది నాయనా?"

జనం చూస్తున్నారు. జేజి మంచం మీద నుంచి దిగి నిలబడింది.

"బాగుండాది," అన్నాడు ఓబుళేశు. "రవంత వదులుండాది, అంతే. కట్టుతో బిగుసుకుంటాది."

అమ్మయ్య అన్నట్టు జనం గోడవార బల్లల మీద కూర్చున్నారు. భువన మాత్రం కదలలేదు. దెబ్బ తగిలినప్పుడు ఏడవలేదు, తొడ చిక్కిపోయిందని తెలిసినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చిన పరాయివాళ్లకు నిజం చెప్పి పంపే మనిషి, తన మోకాలు పట్టుకుని అబద్ధం చెప్పాడు.

* * *

పిండి గిన్నె బల్ల దగ్గరికి వచ్చిందో లేదో, వాకిట్లో డ్రైవరు ఏసేపు ఆటో ఆగింది.

హైస్కూలు పి.ఇ.టి. టీచరు ప్రసన్నకుమారి ముందు దిగి, వెనక ఒక పిల్లను ఎత్తి దించింది. తొమ్మిదో తరగతి సాహితి. భువన చేతి కింద కబడ్డీ నేర్చుకున్న పిల్లే. ఒంటికాలి మీద కుంటుకుంటూ వచ్చి, భువనను చూడగానే బావురుమంది.

"అక్కా! నాక్కూడా టప్పుమనింది అక్కా!"

"నిన్న సాయంత్రం ప్రాక్టీసులో మళ్లుకోబోయి పడిందన్నా," అంది ప్రసన్నకుమారి. "ఎక్స్‌రే తీపిచ్చినా. ఎముకకు ఏం గాలేదన్యారు. ఇంగ నువ్వే గదా మాకు దిక్కు. పోయినేడు నా చెయ్యి ఎంత బాగ కట్టినావు!"

సాహితి మోకాలు వాచి నున్నగా మెరుస్తోంది. ఓబుళేశు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చూసి పక్కన పెట్టాడు. కృష్ణవేణమ్మ పిండి గిన్నె ఆయన చేతికి అందేట్టు పెట్టి, గుడ్డ చింపడం మొదలుపెట్టింది.

ఓబుళేశు గిన్నెలో వేలు పెట్టలేదు.

ఆ పిల్లను ఇంకో బల్ల మీద పడుకోబెట్టాడు. "భయపడొద్దు తల్లీ, వదులుగా పెట్టు," అన్నాడు. ఒక చేత్తో తొడ పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి మోకాలి కింద వేశాడు. కాసేపటి క్రితం వరకు ఆ చేతులకు తెలియని పని అది. ఒకసారి తెలిసిన తర్వాత తెలియనట్టు ఉండడం ఆ చేతుల వల్ల కాలేదు. నోటితో ఏమైనా చెప్పొచ్చు గానీ, చిన్నపిల్ల మోకాలు చేతుల్లో పెట్టుకుని ఆయన చేతులు ఊరుకోలేకపోయాయి.

లాగాడు. సాహితి అమ్మా అని మూలిగింది. రెండో మోకాలు కూడా చూశాడు. తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు.

"టీచరమ్మా, ఈ పిల్లకు నేను కట్టను."

"అదేందన్నా!"

"కడపకు తీసుకపో. ఎక్స్‌రేలో కనపడేది గాదు ఇది. లోపల తెగినట్టుండాది."

"ఏం తెగింది? నరమా?"

 ఓబుళేశు కూతురి వైపు చూడకుండా అన్నాడు. "నరం గాదు. ఇంగోటి. లిగమెంటు అంటారు. వాపు ఉన్నప్పుడు తైలం రుద్దొద్దు. ఐసు పెట్టుకోండి. బిరీన పోండి."

 అప్పుడు భువన బల్ల పట్టుకుని లేచింది.

"మరి నాది?"

ఓబుళేశు గుడ్డ మడత పెడుతున్నాడు.

"ఊరోళ్ల బిడ్డది తెగింది. నీ బిడ్డది బాగుండాది. అంతేనా నాయనా? ఇద్దరివీ పట్టుకునింది ఆ చేతులే గదా? చెప్పు, నాది ఎట్ల బాగుండాది?"

"నీది..." అని ఆగాడు. గుడ్డ చేతిలోంచి జారింది. "నీది నేను కట్టినా గదే!"

అంతకన్నా నిజం ఆయన చెప్పలేడు. సాహితి మోకాలు ఇంకా ఎవరూ పాడు చేయలేదు కాబట్టి దాన్ని తెగిందనొచ్చు. కూతురిది తెగిందంటే, అన్నాళ్లూ తను కట్టింది ఏమిటన్నట్టు? భువనకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు. జాలి కూడా వచ్చి కోపం పక్కన కూర్చుంది, అంతే.

చెప్పులు వేసుకుంది. గోడ పట్టుకుని వసారా దిగింది. కుంటుకుంటూ పోయి సాహితి పక్కన ఆటోలో ఎక్కి కూర్చుంది.

"దిగు," అన్నాడు ఓబుళేశు.

"దిగను."

"ఇంతమంది ముందర నా పరువు తియ్యాలని కంకణం కట్టుకున్యావా?"

"నీ పరువు యాడికీ పోలేదు నాయనా. బొజ్జన్న తాత చెయ్యి ఇరిగింది, కట్టు. ఎవురూ లేచిపోలేదు చూడు. ఎముక ఇరిగితే నేను గూడా నీ కాడికే వస్తా. ఇది ఎముక గాదు. నా కాలు నాకు కావాల. నీ పేరు కోసరం నేను కుంటను."

ఏసేపు ఆటో స్టార్ట్ చేయాలా వద్దా అని అందరి మొహాలూ చూస్తున్నాడు. పాపం అతను రోగులను దించిపోవడమే గానీ ఈ ఇంటి నుంచి ఎక్కించుకుపోయింది తక్కువ.

కృష్ణవేణమ్మ చింపుతున్న గుడ్డ కింద పెట్టింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా అంటిన పిండి అంతా పోయేవరకు నిదానంగా కడుక్కుంది. లోపలికి పోయి ఫోనూ, చిన్న సంచీ తెచ్చుకుని ఆటో వైపు నడిచింది.

"నువ్వు యాడికిమ్మే?" ఓబుళేశు గొంతు అరుపుకూ బతిమాలడానికీ మధ్యన పడింది. "ఈడ జనం కూర్చోనుండారు. పిండి ఎవురు కలిపేది?"

పొద్దున్నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి అప్పుడు నోరు విప్పింది. "నువ్వే కలుపుకో. బిడ్డ తొడ చూసినావా నువ్వు? నేను చూసినా."

జేజి బుగ్గలు నొక్కుకుంది. ఆటో కదిలింది.

* * *

ఆటో మైదుకూరు రోడ్డెక్కింది. గుంత వచ్చినప్పుడల్లా సాహితి, భువన ఇద్దరూ ఒకేసారి మోకాళ్లు పట్టుకుంటున్నారు.

"అక్కా, నేను మళ్లా ఆడతానా?"

"ఆడతావు. వంచమన్నప్పుడు వంచాల, బరువు ఎత్తమన్నప్పుడు ఎత్తాల. ఏడ్చినా మానకూడదు. శానా నెలలు పడతాది."

"నువ్వు?"

"నేను నీకన్నా వెనకబడిండా," అంది భువన. "అయినా పట్టుకుంటా నిన్ను, చూడు."

కృష్ణవేణమ్మ సంచిలో ఫోను మోగింది. తీసి చూసి, మాట్లాడకుండా కూతురి చేతికి ఇచ్చింది. తిట్లకు సిద్ధపడే భువన చెవి దగ్గర పెట్టుకుంది. తిట్టడానికి తన దగ్గరా చాలా ఉన్నాయి.

"పాపా," అన్నాడు ఓబుళేశు. వెనక జనం గుసగుసలు వినబడుతున్నాయి. అంటే అందరి మధ్యలోంచే మాట్లాడుతున్నాడు. "ఆడికి పోయినాక డాక్టరును ఒక మాట అడుగు."

"ఏంది?"

"దెబ్బ తగిలి ఎంత చెడిందో, నేను కట్టినందుకు ఎంత చెడిందో... రెండూ ఏరేరేగా చెప్పమను. నాకు దాచొద్దు. ఎంతున్నా చెప్పు."

 నీ వల్ల ఏమీ చెడలేదులే నాయనా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎంత తేలికైన మాట! అంటే ఆయన ఈ పూట అన్నం తింటాడు. పక్కన అమ్మ చూస్తోంది, ఏమంటుందోనని.

ఆ మాట మింగేసింది. బాగుండాదని ఆయన చెప్పిన అబద్ధానికి తను ఇంకో అబద్ధం వడ్డీగా కట్టదు.

"నేను అడగను నాయనా. అది నీ ప్రశ్న. ఆడ నా మోకాలు డాక్టరు పట్టుకున్నప్పుడు నువ్వు పక్కన నిలబడు. నువ్వే అడుగు. ఆయన చెప్పేది నువ్వే విను."

 అవతల ఓబుళేశు ఫోను పెట్టేయలేదు. బల్ల జరిగిన చప్పుడైంది. ఏదో గిన్నె బోర్లా పడింది. తర్వాత దూరంగా బొజ్జన్న కేకలు వినబడ్డాయి.

"ఏమప్పా ఓబుళేశూ, అట్ల లేచినావేంది? నా చేతికి సగం కట్టి యాడికప్పా పోతాండేది?"